మా కుండకు మార్కులు వేసేదెవరు?

బీరు రుచి చూసి తీర్పు చెప్పడం ఇవాళ ఒక చదువు. దానికి పరీక్షలున్నాయి, పత్రాలున్నాయి, న్యాయనిర్ణేతలున్నారు. అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ల మార్కుల పత్రాన్ని చాలా దేశాల పోటీల్లో వాడుతున్నారు. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, కంటికి కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, అన్నీ కలిపి కలిగిన అభిప్రాయానికి 10. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక హైదరాబాద్‌లోనూ ఈ విద్య తెలిసిన వాళ్లు తయారయ్యారు. చిన్న చిన్న గ్లాసులు వరసగా పెట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసి, ముక్కు దగ్గర తిప్పి, ఒక గుక్క నోట్లో నిలిపి మాట్లాడతారు. దాన్ని అభిరుచి అంటారు.

మా పెద్దమనిషి జీలుగు చెట్టు కింద కూర్చుని, సొరకాయ బుర్రలోంచి ఆకు డొప్పలోకి వంపుకుని, ముందు నేలతల్లికి రెండు చుక్కలు వదిలి, వాసన చూసి, ఒక గుక్క తాగి, "ఇది పొద్దున దించింది కాదు, రాత్రిదీ కలిసింది" అని చెబుతాడు. దాన్ని తాగుబోతుతనం అంటారు.

మేం అడిగేది ఇదే. ముక్కు ముక్కే, నాలుక నాలుకే. ఒకచోట అది విద్య, ఇంకొకచోట వెనకబాటుతనం ఎలా అయింది?

ముందు వాళ్ల విద్యలోని మంచిని ఒప్పుకుందాం. బీరుకు మార్కులు వేసేవాళ్లకు మొదట నేర్పే నియమం, ఏ రకాన్ని ఆ రకం కొలతతోనే తూచాలన్నది. జర్మనీ గోధుమ బీరు మసకగా ఉంటుంది. దానిలో అరటిపండు వాసన, లవంగం వాసన రావాలి. రాకపోతే మార్కులు తగ్గిస్తారు. అదే అరటిపండు వాసన, అదే మసక పిల్స్‌నర్ బీరులో ఉంటే తప్పు పడతారు. నల్లని స్టౌట్‌లో మాడ్చిన గింజల చేదు గుణం, తేలికపాటి లాగర్‌లో అదే చేదు దోషం. వెన్న వాసన లాగర్‌లో తప్పు, కొన్ని ఇంగ్లీషు ఏల్ బీర్లలో కొద్దిగా ఉంటే ఫరవాలేదు. స్టౌట్‌ను పట్టుకుని "నువ్వు తెల్లగా ఎందుకు లేవు" అని అడిగే న్యాయనిర్ణేత ఎక్కడా లేడు. అడిగితే అతన్ని బల్ల దగ్గరి నుంచి లేపేస్తారు.

బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు చేస్తారు. కాచిన రసాన్ని వెడల్పాటి తొట్టిలో పోసి రాత్రంతా గాలికి వదిలేస్తారు. గాలిలో, పాత చెక్క పీపాల్లో ఉండే అడవి ఈస్టులే దాన్ని పులియబెడతాయి. చలికాలంలోనే కాస్తారు, నెలలు, ఏళ్లు పీపాల్లో ఉంచుతారు. అది పుల్లగా ఉంటుంది. దాని వాసనను మెచ్చుకునేటప్పుడు తీర్పరులు వాడే మాట "గుర్రపు దుప్పటి". గుర్రం చెమట పట్టిన కంబళి వాసన అన్నమాట. ఆ వాసన వస్తే మార్కులు పెరుగుతాయి. బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో 2016లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

మా జీలుగు కల్లును పులియబెట్టేవి కూడా గాలిలోని, చెట్టులోని, కుండలోని ఈస్టులే. తెల్లవారుజామున దించితే తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి మత్తు, పులుపు పెరుగుతాయి. మర్నాటికి పుల్లగా వెనిగర్ దారి పడుతుంది. ఏ పూటది ఎవరికి పొయ్యాలో, ఏది ఇక తాగకూడదో మా వాళ్లకు తెలుసు. ఆ పుల్లటి వాసన తగిలితే మైదానం మనిషి ముక్కు మూసుకుంటాడు. గుర్రపు దుప్పటికి మార్కులిచ్చిన ముక్కు మా బుర్ర దగ్గర ఎందుకు మూసుకుపోతుంది? వాసనలో తేడా లేదు. ఎవరి చేతిలో ఉందన్నదే తేడా.

"కల్లు బీరు కాదు కదా" అని కొందరు పంతుళ్లు అంటారు. నిజమే. బీరు గింజల నుంచి వస్తుంది, కల్లు చెట్టు నుంచి వస్తుంది. ఇప్పసారా అసలు ఆ వరసే కాదు, అది పులిసిన పువ్వును బట్టీ పట్టి తీసేది. కానీ గింజల పానీయం మాకు తెలియనిదా? కోరాపుట్, బస్తర్ ఆదివాసులు బియ్యంతో, రాగులతో లందా చేస్తారు. సంతాలులు, ముండాలు, హోలు అన్నంలో రాను అనే మూలికల గోళీలు కలిపి హాండియా చేస్తారు. అంగామీ నాగాలు వడ్లను మొలకెత్తించి, ఆ పొడితో జూథో చేస్తారు. అస్సాం మిసింగులు వరిపొట్టు, గడ్డి కాల్చిన బూడిద కలిపి నల్ల అపాంగ్ చేస్తారు. మొలకెత్తిన గింజలో పిండి తీపిగా మారుతుందన్న కీలకం మీదే ప్రపంచంలోని బీరు చాలావరకు నిలబడింది. దాన్నే మాల్ట్ అంటారు. ఆ కీలకాన్ని మా ఆడవాళ్లు ఏ కళాశాలకూ పోకుండా చేతితో పట్టుకున్నారు.

అయినా పుస్తకాల్లో మా రకాలకు ఎంత చోటుంది? ఫిన్లాండ్ పల్లెల్లో రై గింజలతో, జూనిపర్ కొమ్మలతో చేసే సాహ్తి ఆ తీర్పరుల జాబితాలో చారిత్రక బీరుగా ఉంది. పోలండ్‌లో పొగబెట్టిన గోధుమలతో చేసే గ్రోజిస్కె బీరు చివరి కార్ఖానా 1993లో మూతపడింది. ఇళ్లలో బీరు కాచుకునే అక్కడి ఔత్సాహికులు దాన్ని మళ్లీ లేపి నిలబెట్టారు. అదీ జాబితాలో ఉంది. అవి ఉండటం మాకు సంతోషమే. పల్లెటూరి పానీయం ఎవరైనా రాసిపెడితే, దాని కొలత దానికి ఇస్తే, లోకం నేర్చుకుంటుందని అవి రుజువు చేశాయి. రాసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. పోలీసు పంచనామాలో మాత్రమే మా పానీయం పేరు కనిపిస్తుంది.

ఈ చిన్నచూపు ఊరికే పుట్టలేదు. దాని వెనక ఖజానా ఉంది. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు ఎందుకొచ్చింది? కొండవాళ్లు ఇంటికోసం దించుకునే కల్లు మీద కూడా పన్ను కట్టమన్నారు. మద్రాసు ప్రభుత్వం కల్లు హక్కును గుత్తేదార్లకు వేలం వేసింది. చిగురు పన్ను పేరుతో మన్సబ్‌దారు అంతకుముందే పిండుతున్నాడు. తన చెట్టు తాను గీసుకుంటే నేరమైంది. అందుకే ముఠాదార్లు, రైతులు కలిసి లేచారు. పాఠ్యపుస్తకంలో రంప అంటే అల్లూరి సీతారామరాజు ఒక్కడే గుర్తొచ్చేలా చెబుతారు. ఆయన తిరుగుబాటు 1922లో మొదలైంది. అంతకు 43 ఏళ్ల ముందే ద్వారబంధాల చంద్రయ్య లాంటి వాళ్లు పోరాడారనీ, ఆ పోరాటానికి ఒక కారణం కల్లుకుండ అనీ ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పాలి.

ఇది మన ఒక్కరి కథ కాదు. దక్షిణాఫ్రికా డర్బన్ నగరంలో 1909 నుంచి జొన్న బీరు అమ్మే హక్కు మునిసిపాలిటీ గుప్పిట్లోకి పోయింది. ఆఫ్రికా ఆడవాళ్లు ఇంట్లో కాచుకుంటే దాడులు చేశారు. మగవాళ్లు మునిసిపాలిటీ బీరుశాలల్లో తాగాలి, ఆ డబ్బుతో ఆఫ్రికన్ల మీద పెత్తనం నడపాలి. 1959లో కేటో మానర్ ఆడవాళ్లు ఆ బీరుశాలల మీదికి నడిచారు. వాళ్లు అడిగింది తాగే స్వేచ్ఛ ఒక్కటే కాదు. మా చేతి పనిని నేరం చేసి, అదే సరుకును మీరెలా అమ్ముకుంటారని నిలదీశారు.

ఇక్కడ మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. మద్యం మా గూడేల్ని తినేస్తుంటే దాన్ని పొగుడుతున్నారా? పొగడటం లేదు. మత్తు ఏ కుండలోంచి వచ్చినా మత్తే. కాలేయానికి కులం, తెగ తెలియవు. తాగి వచ్చి కొట్టే మగవాడి చేతి దెబ్బకు సంస్కృతి అని పేరు పెడితే మేం ఒప్పుకోం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం మాకు గౌరవం. దానివల్లే 1993లో సారా నిషేధం వచ్చింది. తాగనివాళ్లను తాగమని మేం ఒక్క మాట కూడా అనం.

కానీ లెక్క సరిగా చూడండి. గూడేన్ని తినేస్తున్నదేది? ఏడాదిలో కొన్ని నెలలే కారే జీలుగు చెట్టా? పండుగకు, పెళ్లికి, చావుకు పదిమంది మధ్య పెద్దల చేతి మీదుగా పంచే డొప్పా? ఏడాది పొడవునా, ఏ పూటైనా, అప్పుకు కూడా దొరికే బెల్ట్ షాపు సీసానా? నల్లబెల్లం, పటిక, యూరియా కలిపి కాచే గుడుంబానా? చెట్టుకు ఒక రుతువు ఉంది, కుండకు ఒక హద్దు ఉంది, పంపకానికి ఒక కట్టుబాటు ఉంది. సీసాకు ధర తప్ప ఏ హద్దూ లేదు. మా హద్దుల్ని నేరమని చెరిపేసి, హద్దులేని సరుకును లైసెన్సుతో గూడెం అంచుకు తెచ్చినవాళ్లు మాకు మద్యం మంచిది కాదని బోధించడం విడ్డూరం.

రుచి తెలిసినవాడు తక్కువ తాగుతాడని క్రాఫ్ట్ బీరు వాళ్లే చెబుతారు. గుక్కగుక్కనూ గమనించేవాడికి తొందర ఉండదు. మా పెద్దలదీ అదే మాట. పుల్లదా తీపిదా, ఏ చెట్టుది, ఏ పూటది అని చూడటం పోయి, ఎంత తొందరగా మత్తెక్కుతుందని మాత్రమే చూడటం మొదలైన రోజే మా యువకులు చెడిపోవడం మొదలైంది. రుచి పోగొట్టుకోవడం ఇక్కడ చిన్న విషయం కాదు. అదుపు పోగొట్టుకోవడానికి అది మొదటి మెట్టు.

ఇప్పుడు రెండో ప్రమాదం వచ్చింది. నిన్నటిదాకా ముక్కు మూసుకున్న వ్యాపారికి ఈరోజు మా వాసన నచ్చుతోంది. రాగి బీరు, ఇప్పపువ్వు మద్యం, అడవి తేనె పానీయం అని అందమైన సీసాలు వస్తున్నాయి. సీసా మీద మా బొమ్మ, లోపల మా పువ్వు, లాభంలో మా పేరు ఉండదు. ఎదురు దారులు కూడా ఉన్నాయి. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అస్సాం దిమాసా ప్రజల జుదిమా అనే బియ్యపు పానీయానికి 2021లో వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకే తయారీ అప్పగించే విధానం తెచ్చింది. వీటిలో లోపాలు ఉండొచ్చు. ఒక సంగతి మాత్రం తేలింది. పేరు ఎవరిదో, పని ఎవరిదో చట్టంలో రాయించుకోవడం సాధ్యమే.

మన చేతిలో చట్టం కూడా ఉంది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు ఉండాలంటుంది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం కూడా గ్రామసభకు ఉండాలంటుంది. ఇప్పపువ్వు ఆ ఫలసాయంలోదే. అంటే బెల్ట్ షాపు వద్దని తీర్మానం చెయ్యాల్సింది మనమే. పండుగ కుండకు హద్దు పెట్టాల్సిందీ మనమే. ఆ సభలో ఆడవాళ్ల మాట ముందు వినాలి. కాచే చెయ్యి వాళ్లది, దెబ్బ తినే ఒళ్లూ వాళ్లదే.

యువతీ యువకులారా, మీకు ఒక పని. మీ ఊళ్లో గీసే పెద్దల దగ్గర, కాచే అవ్వల దగ్గర కూర్చోండి. ఏ చెట్టు ఏ నెలలో కారుతుంది, కుండను ఎలా కడుగుతారు, ఏ ఆకు డొప్ప కడతారు, చెడిపోయిందని ఎలా పసిగడతారు, ఎవరికి పొయ్యకూడదు, అన్నీ రాసుకోండి. వాసనకు, పులుపుకు, నురగకు, జిగురుకు మీ భాషలో ఉన్న ప్రతి మాటా రాయండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో ఏ మాట ఉంటే ఆ మాటే రాయండి, తెలుగు మాటతో సరిపెట్టకండి. బీరుకు 50 మార్కుల పత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొందరు కూర్చుని, తమ నాలుకను నమ్మి, రాశారు. మన పత్రం మనం రాయాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలకు కల్లు రుచి చూపించమని మేం అడగడం లేదు. వాళ్ల తాతల పనిని తరగతిలో సిగ్గుపడాల్సిన విషయం చెయ్యొద్దని అడుగుతున్నాం. పులియడం సైన్సు పాఠం. రంప చరిత్ర పాఠం. రుచి మాటలు భాషా పాఠం. పెసా పౌరశాస్త్ర పాఠం. నాలుగు పాఠాలు ఒక్క కుండలో ఉన్నాయి.

ఇంకొక మాట కూడా. స్టౌట్‌ను లాగర్ కొలతతో తూచడం అన్యాయమని బీరు తీర్పరులకే తెలుసు. మా పిల్ల ఇంట్లో కోయ మాట్లాడి బడికొస్తే, మైదానం పిల్ల తెలుగుతో ఆమెను తూచి, "వెనకబడింది" అని మార్కులు వేస్తున్నారు. సీసాలోని బీరుకు ఇచ్చే న్యాయం బల్ల మీద కూర్చున్న పిల్లకు ఇవ్వలేరా? ఏ రకాన్ని ఆ రకం కొలతతో తూచండి. మేం మినహాయింపు కోరడం లేదు, వాళ్లు రాసుకున్న నియమమే మాకూ వర్తించాలంటున్నాం.