కాలయాపనమే తీర్పా?

తల్లిదండ్రులలో నొకరు రెండవవారి సమ్మతి లేకుండ బిడ్డను దేశము దాటించుట నేడు తెలుగు కుటుంబములకు దూరపు మాట కాదు. అమెరికాలోనో, ఇంగ్లండులోనో, ఆస్ట్రేలియాలోనో బంధువొక్కరైనను లేని యిల్లు మన పట్టణములలోనే కాదు, పల్లెలలోను అరుదగుచున్నది. అచ్చట కాపురము చెడినప్పుడు వివాదము భార్యాభర్తలతో నాగదు. బిడ్డ పుట్టినది ఒక దేశము; తాతగారి యిల్లు మరియొక దేశము. సెలవులకని వచ్చిన తల్లి తిరిగి పోదు. లేదా తండ్రి బిడ్డను మాత్రము కొనివచ్చి తన తల్లిదండ్రులకడ నుంచును. అక్కడి కోర్టు బిడ్డను తిరిగి పంపుమనును. ఇక్కడి కోర్టున మరియొక వ్యాజ్యము పడును. ఈ రెండు ఉత్తరువుల నడుమ బిడ్డ బాల్యము గడచిపోవుచుండును.

ఈ చిక్కును తీర్చుటకై 1980 అక్టోబరు 25వ తేదీన హేగు నగరమున నొక యొడంబడిక కుదిరినది. 1983 డిసెంబరు నుండి అమలునందున్న యా యొడంబడికలో నేడు నూరునకు పైగా దేశములు చేరియున్నవి. దాని సూత్రము స్పష్టము. పదునారేండ్లలోపు బిడ్డను అంతవరకు నివసించుచున్న దేశమునుండి అక్రమముగా తరలించినచో, వెంటనే తిరిగి పంపవలయును. బిడ్డ యెవరియొద్ద పెరుగవలయునో ఆ నివాసదేశపు న్యాయస్థానమే తేల్చవలయును. ఆరువారములలో నిర్ణయము రానిచో జాప్యమునకు సంజాయిషీ అడుగవచ్చును. తిరిగి పంపుటవలన బిడ్డకు తీవ్రమైన యపాయము గలదని రుజువైనచో నిరాకరించుటకును వీలుగలదు. శ్రీలంక 2001లోను, జపాను 2014లోను, పాకిస్థాను 2016లోను ఇందు చేరినవి. భారతదేశము చేరలేదు.

చేరకపోవుటకు హేతువు లేకపోలేదు. ఒడంబడిక వ్రాసిననాడు బిడ్డను ఎత్తుకొనిపోవువాడు తండ్రియే యని పలువురు తలచిరి. 2015లో ఆ యొడంబడిక క్రింద వచ్చిన యర్జీలను పరిశీలింపగా, బిడ్డను తీసికొనిపోయినవారిలో నూటికి 73 మంది తల్లులని తేలినది. భర్త వీసాపై నాధారపడి, నా యనువారు లేనిచోట దెబ్బలు తిని, పుట్టినింటికి పరుగెత్తుకొనివచ్చిన స్త్రీని అపహర్త యనుటకు మనకు నోరు రాదు. ఆమెను మరల ఆ గడపకే పంపుట న్యాయమని మేమును చెప్పజాలము. కాని అందరు తల్లులును దెబ్బలు తిన్నవారు కారు. అందరు తండ్రులును దుర్మార్గులు కారు. బిడ్డ ముఖమును ఫోనులోనైనను చూడనోచుకొనక యేండ్లు గడపు తండ్రులు గలరు. తండ్రి కొనివచ్చిన బిడ్డకై పరదేశమునుండి వచ్చి ఇక్కడి కోర్టు మెట్లెక్కు తల్లులును గలరు. వీరిలో ఎవరిమాట సత్యమో త్వరితముగా తేల్చు విధానము కావలయును. అదియే మనకు లేదు.

ఉన్నవి 1890 నాటి గార్డియన్ల చట్టమును, 1956 నాటి హిందూ మైనారిటీ చట్టమును మాత్రమే. సముద్రములు దాటు బిడ్డ ఈ రెంటి తలంపునకును రాలేదు. కావున వ్యాజ్యములు హెబియస్ కార్పస్ పిటిషన్ల రూపమున హైకోర్టులకును, సుప్రీముకోర్టునకును పోవుచున్నవి. తీర్పులును ఒకే త్రోవను నడువలేదు. 2009లో సి.బి.ఐ. వారు వెదకి తెచ్చిన యొక బాలుని అమెరికాకు తిరిగి తీసికొనిపొమ్మని సుప్రీముకోర్టు ఉత్తరువిచ్చెను. 2015లో విదేశ న్యాయస్థానము ముందుగా నిచ్చిన యుత్తరువును గౌరవింపవలయు ననెను. 2017లో, అట్టి యుత్తరువు విచారింపదగిన యంశములలో నొకటి మాత్రమే యనియు, బిడ్డ శ్రేయస్సే సర్వోపరి యనియు చెప్పెను. 2019లో మరియొక కేసున పిల్లలను అమెరికాకు పంపుమనెను.

బిడ్డ శ్రేయస్సే ప్రధానమన్న మాటను మేము శిరసావహింతుము. అయితే గడువు లేనిచోట ఆ సూత్రమే బిడ్డను దాచినవారికి కవచ మగుచున్నది. వాయిదాలపై మూడేండ్లు గడచినచో బిడ్డ ఇక్కడి బడికి, ఇక్కడి మాటకు, ఇక్కడి బంధువులకు అలవాటుపడును. అప్పుడు కదలించుట క్షేమము కాదని న్యాయాధిపతికి తోచుట సహజము. అట్టిచోట తీర్పు నిచ్చినది చట్టము కాదు, కాలము.

ఒడంబడికకు వెలుపల నుండుటవలన మనవారికే కలుగు నష్టమును చూడుడు. 2020లో సుప్రీముకోర్టు ఒక బాలుని కెన్యాలో నివసించు తండ్రి కప్పగించుచు, తన తీర్పునకు సరియైన ఉత్తరువును అక్కడి కోర్టునుండి తెమ్మని షరతు విధించెను; తల్లి బిడ్డను చూచు హక్కును నిలిపెను. ఆ తండ్రి మాట తప్పెను. 2021లో కోర్టు తన తీర్పును ఉపసంహరించుకొనెను. 2022లో కోర్టుధిక్కారమునకు ఆరునెలల శిక్ష విధించెను. అప్పటికిని బిడ్డ సముద్రమున కావలనే యుండెను. మన అత్యున్నత న్యాయస్థానపు మాటకే సరిహద్దు దాటిన పిదప బలము లేకపోయిన, సామాన్యుని గతి యేమి?

అమెరికా విదేశాంగశాఖవారు తమ వార్షిక నివేదికలలో భారతదేశమును పలుమార్లు తప్పుపట్టిరి. పరులు గద్దించిరని చట్టము చేయనక్కరలేదు. పరులు గద్దించిరని చేయక మానుటయు పౌరుషము కాదు. మనవారే ఈ మాట చెప్పియున్నారు. లా కమిషను 2009లో ఒడంబడికలో చేరుమని సిఫారసు చేసినది. 2016లో బిల్లు ముసాయిదా వెలువడినది. 2018లో న్యాయమూర్తి రాజేశ్ బిందల్ గారి సంఘము నివేదిక నిచ్చినది. ఏ ముసాయిదాయు నేటికి శాసనము కాలేదు.

ఒడంబడికలో చేరినను చేరకున్నను స్వదేశ శాసన మావశ్యకము. ప్రతి హైకోర్టునందును ఇట్టి వ్యాజ్యములకు ప్రత్యేక న్యాయపీఠ ముండవలయును. ఆరువారముల గడువుండవలయును. మొదటి వాయిదానాడే దూరముననున్న తల్లికో తండ్రికో బిడ్డతో మాటలాడు హక్కు కల్పింపవలయును. హింసకు లోనైతినను స్త్రీ మాటను ఆ గడువులోనే విచారింపవలయును. తిరిగి పంపవలసివచ్చినచో, ఆమెకు వేరు నివాసము, భరణము, న్యాయసహాయము అక్కడి కోర్టు ఉత్తరువుతో ముందుగా కుదిరిన పిదపనే పంపవలయును. విదేశములందలి మన రాయబార కార్యాలయములు ఆపదనున్న తల్లికి అక్కడనే ఆశ్రయము చూపినచో, పారిపోయి రావలసిన యగత్యమే తగ్గును.

పెద్దలకును ఒక మనవి. కూతురో కుమారుడో బిడ్డతో నింట దిగిననాడు, ఇక పంపమని పంతము పట్టుటకు ముందు రెండవవైపు పెద్దలకు కబురంపుడు. బిడ్డచేత వారితో మాటలాడింపుడు. పాస్‌పోర్టు దాచుటవలన గెలుపు రాదు, కాలయాపనము మాత్రమే కలుగును. గట్టు తగవు రెండుతరములు నడచినను పొలము పొలముగానే యుండును. బాల్యమన్ననో వాయిదాల నడుమ గడచిపోవును. ఏ కోర్టును దానిని తిరిగి యిప్పింపజాలదు. పార్లమెంటువారు ఇకనైన ఈ శాసనమును చేపట్టవలయునని మేము గట్టిగా కోరుచున్నాము.