దుర్యోధనుడికి చప్పట్లెందుకు?

కోనసీమలోని కొత్తపేట పేరు చెబితే చాలామందికి విగ్రహాలు గుర్తొస్తాయి. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ చేతుల్లో రూపుదిద్దుకున్న నాయకుల, కళాకారుల విగ్రహాలు ఇక్కణ్నుంచి ఎన్నో ఊళ్లకు వెళ్లాయి. విగ్రహంతో ఓ సుఖముంది. చెయ్యెత్తి దీవిస్తుంటే ఎప్పటికీ దీవిస్తూనే ఉంటుంది. ఆ మనిషి ఎప్పుడైనా తప్పు చేశాడా అన్నది దాని ముఖంలో కనిపించదు. కథలో మనుషులకు ఆ వెసులుబాటు లేదు!

ఎన్టీఆర్‌నే తీసుకోండి. తెలుగువాళ్లకు రాముడన్నా కృష్ణుడన్నా ఆయనే. అలాంటి ఆయన 1961లో 'సీతారామ కల్యాణం' తీస్తూ రాముడి వేషం హరనాథ్‌కిచ్చి, తాను రావణుడయ్యారు. 1977 సంక్రాంతికొచ్చిన 'దానవీరశూరకర్ణ'లో కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. కొండవీటి వెంకటకవి మాటలతో జనం చేత ఎక్కువ చప్పట్లు కొట్టించుకున్నది మాత్రం దుర్యోధనుడు.

ఎందుకని? 'నీ కులమేమిటి?' అని నిండు సభలో కర్ణుణ్ని నిలదీస్తే, అంగరాజ్యమిచ్చి పక్కన నిలబెట్టుకున్నవాడు అతనే కదా! ఆ చప్పట్లు న్యాయమైనవే. అయితే ద్రౌపదిని సభకు ఈడ్పించిందీ ఆ దుర్యోధనుడే. అవమానం రుచి తెలిసిన కర్ణుడు అడ్డుపడకపోగా ఆమెను నోటికొచ్చినట్టు మాట్లాడాడు. అటు రామాయణంలోనూ అంతే. చాటునుంచి కొట్టడం ధర్మమేనా అని రాముణ్నే నిలదీసే అవకాశం నేలకొరిగిన వాలికి దక్కింది.

ఇప్పటి పిల్లలు చూసే సూపర్ హీరోల కథల్లోనూ ఈ చిక్కుముడే. 2000లో వచ్చిన 'ఎక్స్‌మెన్' సినిమాలో మాగ్నెటో విలన్. కథ మొదలయ్యేసరికి అతనో పసివాడు. 1944లో నాజీల నిర్బంధ శిబిరం గేటు దగ్గర అమ్మానాన్నల నుంచి అతణ్ని విడదీస్తారు. చూస్తున్నవాళ్ల గుండె తరుక్కుపోతుంది. పెద్దయ్యాక తనవాళ్లకు మళ్లీ ఆ గతి పట్టకూడదనుకుంటాడు. అందుకోసం తనలాంటి శక్తులున్న ఓ అమ్మాయినే బలిపెట్టడానికి సిద్ధపడతాడు. అతని బాధ నిజం. అలాగని ఆ అమ్మాయి ప్రాణం చౌకైపోదు.

సినిమా చూస్తూ పిల్లలు 'వీడు మంచోడా, చెడ్డోడా?' అనడుగుతారు. 'ఇప్పుడు వాడు చేసిన పని మంచిదేనా?' అని తిరిగి అడిగి చూడండి. వాళ్లే ఆలోచించి చెబుతారు.

ఈ అలవాటు తెర ముందు కంటే ఇంట్లోనే ఎక్కువ అవసరం. ఒకసారి తప్పు చేసిన పిల్లాణ్ని 'వాడింతే' అనేస్తే వాణ్ని విగ్రహం చేసేసినట్టే. పొద్దున పక్కవాణ్ని కొట్టిన పిల్లాడే, మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోని స్నేహితుడికి సగం అన్నం పెట్టి ఉండొచ్చు. పెట్టినందుకు మెచ్చుకోండి, కొట్టినందుకు మందలించండి. ఒకటి చూసి రెండోదాన్ని మర్చిపోకుంటే చాలు.