చెరువు తలాపున గుట్టకు లీజు వలదు

కరీంనగరమునుండి జగిత్యాలకు పోవు మార్గమున, గంగాధర మండలములో, కురిక్యాల అను గ్రామము కలదు. ఆ ఊరి గుట్టను జనులు బొమ్మలగుట్ట యందురు, బొమ్మలమ్మ గుట్ట యనియు నందురు. వేములవాడ చాళుక్య ప్రభువగు రెండవ అరికేసరి ఆస్థానమున నుండి ‘విక్రమార్జున విజయము’ను రచించిన కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు, పదవ శతాబ్దమున, ఆ గుట్ట రాతిపై జైన తీర్థంకరుల ప్రతిమలను, చక్రేశ్వరీదేవి రూపమును చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలోను శాసనము వ్రాయించెను. అందలి తెలుగు కందపద్యములు నన్నయభట్టారకుని భారతమునకు సుమారు నూరేండ్లు పూర్వపువి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించుటకు ముందు, మన భాష వయస్సును గూర్చి వాదించినవారు చూపిన సాక్ష్యములలో ఆ రాయి యొకటి.

ఈ శాసనప్రసంగము వచ్చినపుడెల్ల మనము కందపద్యముల గొప్పను చెప్పుకొని తృప్తిపడుదుము గాని, అందు మరియొక విశేషము కలదు. జినవల్లభుడు ఆ తావున త్రిభువనతిలకమను బసదిని, కవితాగుణార్ణవమను చెరువును, మదనవిలాసమను తోటను ఏర్పరచినట్లు శాసనము చెప్పుచున్నది. గుట్ట, గుట్ట అండన చెరువు, చెరువు నీటితో తోట! ఈ సీమలో ఒక నివాసమును నెలకొల్పదలచినవాడు వేయేండ్ల క్రిందటనే ఈ మూడింటిని విడదీసి తలపలేదు. నేడు అదే సీమలో గుట్టను గనులశాఖవారు ఘనపుమీటర్లలో కొలుచుచున్నారు. చెరువును నీటిపారుదలశాఖవారు ఆయకట్టు ఎకరములలో లెక్కించుచున్నారు. తోట యేమైనదో రైతు చూచుకొనవలసినదే. ఒక శాఖ అనుమతించిన పని మరియొక శాఖ సొత్తును చెరచుచున్నను ఇదేమని అడుగు అధికారి ఎవ్వడో ఎవ్వరికిని తెలియదు. బొమ్మలగుట్టకే క్వారీలవలన ముప్పు వచ్చినదని చరిత్రాభిమానులు మొరపెట్టుకొనవలసివచ్చినపుడు, పద్యము గాని ప్రతిమ గాని లేని తక్కిన గుట్టల గతి చెప్పనేల?

మా అభిప్రాయమును మొదటనే చెప్పివేయుదుము. చెరువునకో కుంటకో నీరందించు ఏ గుట్టపైనను ఎగుమతి గ్రానైటు కొరకు కొత్తలీజు ఇయ్యరాదు. ఉన్న లీజులను గడువు తీరిన పిమ్మట పొడిగింపరాదు.

కరీంనగర గ్రానైటునకు ప్రపంచమున పేరున్న మాట నిజమే. ముదురు గోధుమవన్నెలో ఎర్రని మచ్చలు గల రాయి ‘టాన్ బ్రౌన్’ అను వ్యాపారనామముతోను, ఎరుపు హెచ్చిన రాయి ‘మాపుల్ రెడ్’ అను పేరుతోను దేశదేశముల వంటయింటి గట్లపైన, హోటళ్ల నేలలపైన, శ్మశానములలోని సమాధులపైన మెరయుచున్నవి. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగి గడ్డకట్టిన శిల యిది. దీనిని వజ్రపుపూసలు కూర్చిన తీగలతో కోసి, దిమ్మెలుగా చేసి, లారీలపై రైలుస్టేషనుకు చేర్చి, అచ్చటినుండి వ్యాగన్లలో కాకినాడ వంటి రేవులకు తరలింతురు. దిమ్మెలలో పెద్దభాగము చైనాకు పోవును. పగులు గాని, గీత గాని, వన్నెమార్పు గాని ఉన్న దిమ్మెను కొనుగోలుదారుడు అంగీకరింపడు గనుక, తవ్విన రాతిలో అధికభాగము పనికిరానిదై క్వారీ ప్రక్కనే కుప్పలుగా పడియుండును. దిమ్మెగా ఓడ యెక్కిన రాతిని పలకలుగా కోయుట, మెరుగుపెట్టుట, అమ్ముట యను లాభసాటి పనులన్నియు సముద్రమున కావలనే జరుగును. ఇచ్చట మిగులునవి ప్రభుత్వమునకు చెల్లు సీనరేజి రుసుము, దుమ్ము, గొయ్యి.

ఆ సీనరేజియైనను సక్రమముగా వచ్చుచున్నదా? 2022 నవంబరులో ఎన్ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటువారు కరీంనగర, హైదరాబాదు నగరములలో గ్రానైటు ఎగుమతి సంస్థలయందు సోదాలు జరిపి, సీనరేజి చెల్లించిన పరిమాణముకంటె అధికమైన రాయి విదేశములకు తరలినదని ప్రకటించిరి. ఒక ఘనపుమీటరు గ్రానైటు దాదాపు 2,700 కిలోలు తూగును; దాచినను దాగని సరకు. అట్టి సరకు క్వారీనుండి స్టేషనుకు, స్టేషనునుండి రేవుకు పోవుదారిలో ఇన్ని కాటాలను, ఇన్ని చెక్‌పోస్టులను దాటుచు లెక్క తప్పినదనిన, తప్పినది లెక్కయొకటే కాదని చెప్పుటకు పెద్ద విచారణ సంఘము అక్కరలేదు.

ఇక నీటిమాట. బండరాతిలో నీరెక్కడిదని నవ్వువారున్నారు. వానచినుకు బోడిబండపై నిలువక జారును, జారి రాతి నెర్రెలలోనికి కొంత, గుట్టపాదమున నున్న మొరపునేలలోనికి కొంత ఇంకును. మిగిలినది ఒర్రెయై కుంటకు, కుంట మత్తడి దూకి చెరువునకు పోవును. గుట్టక్రింది బావులలో ఎండకాలమున గూడ నీరుండుటకు కారణ మిదియే. ఈ సంగతి భూగర్భశాస్త్రము చదువని సేద్యగాండ్రకు తాతముత్తాతలనాటినుండి తెలియును. కావుననే తెలంగాణమున పాతచెరువుల కట్టలు పెక్కులు రెండు గుట్టల నడుమనో, ఒక గుట్టను ఆనుకొనియో కట్టబడినవి. క్వారీ వచ్చినపుడు మొదట చెడునది గుట్టపాదము. పనికిరాని రాతికుప్పలు ఒర్రెకు అడ్డముగా పడును. రాతిపొడి కలిసిన బురదనీరు కుంటలోనికి దిగి అడుగున పేరుకొనును. గుట్ట ఉన్నచోట ఏర్పడిన లోతైన గొయ్యి పారుటకు వచ్చిన నీటిని తానే మ్రింగును. ఆ గొయ్యిలోని నీరు ఏ తూమునకును అందదు, ఏ మడికిని పారదు. అట్టి గుంతలలో ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయిన వార్తలను మాత్రము మనము చదువుచునే యున్నాము.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద 46,000కు పైగా చెరువులను గుర్తించి, వానిలోని పూడిక తీయించుటకు ప్రజాధనము వెచ్చింపబడినది. ఆ పథకమును మేము మెచ్చుకొంటిమి, ఇప్పటికిని మెచ్చుకొందుము. కాని చెరువులోని మట్టిని ఒక చేత తీయించి, ఆ చెరువు తలాపున నున్న గుట్టను తవ్వి రాతిబురదను దానిలోనికి దింపుటకు రెండవచేత అనుమతిపత్రము వ్రాసి యిచ్చుట యే పరిపాలనానీతియో మాకు బోధపడకున్నది.

గుట్ట పోయిన పిమ్మట ఊరి నిత్యజీవనములో వచ్చు మార్పులు లీజు కాగితములలో కానరావు. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలను గుట్టపాదముల నుండి తెచ్చుకొను ఆడబిడ్డలు ఇప్పుడు వానిని బజారులో కొనుచున్నారు. ఆశ్వయుజ కార్తికములలో సీతాఫలముల గంపలు మోసుకొనివచ్చి అమ్ముకొను కుటుంబములకు ఆ కొన్ని వారముల రాబడి తగ్గినది. ఇక కోతుల బెడద! మక్కచేను, పల్లిచేను, కూరగాయల మడి, ఇంటికప్పు, బడిపిల్లవాని చేతిసంచి, వేనిని విడువని ఈ వానరసేనను తరుముదుమని మొన్నటి పంచాయతీ ఎన్నికలలో సర్పంచి అభ్యర్థులు వాగ్దానములు చేయవలసిన స్థితి వచ్చినది. నిర్మల దగ్గర చించోలిలో 2020లో కోతుల పునరావాస కేంద్రమును ప్రభుత్వము తెరచినది. కోతులు ఊళ్లపై పడుటకు క్వారీలే ఏకైక కారణమని మేము చెప్పము; అడవిలో పండ్లచెట్లు తరుగుటయు, దారిపొడవున భక్తులు అరటిపండ్లు విసరుటయు కారణములే. అయినను తునికిపండ్లు, సీతాఫలములు, రాతి దొనలలో నీరు గల గుట్టను పేల్చివేసి, అందుండిన ప్రాణులు ఎచ్చటికి పోవలెనని ఆలోచింపకుండుట వివేకము కాదు. 2023లో కరీంనగర శివారున రేకుర్తి ప్రాంతమున ఎలుగుబంటి ఇండ్లనడుమ తిరుగాడగా అటవీశాఖవారు మత్తుమందు ప్రయోగించి పట్టవలసివచ్చెను. గుహలుండు గుట్టలు తరిగినకొలది ఇట్టి అతిథులు హెచ్చుదురు.

ఒక వింతను ఇచ్చట చెప్పక తప్పదు. గోదావరి కిరువైపుల, రామగుండమునుండి మందమర్రి వరకు, సింగరేణి ఓపెన్‌కాస్టు గనులచుట్టు కొత్త కొండలు లేచుచున్నవి. బొగ్గుపై నుండు మట్టిని, రాతిని తెచ్చి పోసిన ఓబీ గుట్టలవి. దూరమునుండి చూచువారు ఇవి సహజమైన కొండలేయని భ్రమపడుదురు. దేవుడు పెట్టిన గుట్టలను కరగించి, కంపెనీ పెట్టిన గుట్టలను పెంచుచున్న సీమ మనది!

చట్టములు లేకపోలేదు. ఐదు హెక్టారులలోపు చిన్నతరహా ఖనిజపు లీజులకు గూడ పర్యావరణానుమతి తప్పనిసరియని సుప్రీముకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది. ఆదిలాబాదు ఏజెన్సీ వంటి ఐదవ షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనులకై లీజుకిచ్చుట చెల్లదని 1997 నాటి సమత తీర్పు చెప్పినది. ఉట్నూరు, కెరమెరి కొండలు నేటికిని నిలిచియుండుటకు అడవి చట్టములతోపాటు ఆ తీర్పును అండయే. మైదానపు పల్లెల గుట్టలకు అట్టి అండ లేదు. వానికి ఉన్న ఒక్క రక్ష దైవము. కొండగట్టు అంజన్న కొలువున్న గుట్ట జోలికి పోవుటకు ఎవ్వడును సాహసింపడు. గుడి లేని గుట్టకు మాత్రము రెవెన్యూ దస్తరములో సర్వేనంబరు తప్ప వేరు ఉనికి లేదు.

ఉత్తరాదిని ఆరావళి పర్వతములను గూర్చి ఈ నడుమ జరిగిన వివాదము మనకును సంబంధించినదే. చుట్టుపట్ల నేలకంటె 100 మీటర్ల ఎత్తు లేచినదే ఆరావళి కొండయగునను నిర్వచనమును సుప్రీముకోర్టు 2025 నవంబరు 20న ఆమోదించి, దేశమంతట అలజడి రేగగా డిసెంబరు 29న తన ఉత్తరువును తానే నిలిపివేసెను. అట్టి కొలబద్దను కరీంనగరమునకు తెచ్చినచో మన చెరువులను సాకుచున్న చిన్నగుట్టలలో పెక్కులు గుట్టలే కాకుండ పోవును. నీటిని పారించుటకు గుట్ట ఎత్తు ఎంతయను ప్రశ్నకంటె, దాని వాలు ఏ చెరువు వైపున్నదను ప్రశ్న ముఖ్యము. సర్వే చేయదలచినవారు దానినే కొలువవలెను.

క్వారీలు మూసిన జీవనోపాధి పోవునని ఒక వాదము. ఆ వాదమును తేలికగా త్రోసివేయము. కాని గుట్టపై యంత్రములు నడుపువారిలో, దిమ్మెలు మలచువారిలో పెక్కుమంది ఉత్తరాది రాష్ట్రములనుండి వచ్చి రేకులషెడ్లలో తలదాచుకొను వలసకూలీలు. ఊరివారికి దక్కునది కావలిపని, లారీ తోలుట, టీకొట్టు. వలసకూలీయు మనవంటివాడే, వాని పొట్టకొట్టుమనుట మా ఉద్దేశము కాదు. దిమ్మెలను ఇచ్చటనే పలకలుగా కోసి మెరుగుపెట్టు పనిశాలలను ప్రభుత్వము నిజముగా పెంచియుండిన యెడల, తక్కువ రాతితో ఎక్కువమందికి పని దొరకియుండెడిది. ఇండ్లకు, రోడ్లకు రాయి వలదాయని మరియొక వాదము. కంకర కావలసినదే. అయితే ఎగుమతికి పనికిరాదని పారవేసిన రాయి కొండలుగా పడియున్నది గదా. ముందు దానిని క్రషర్లకు తరలించి, అది ముగిసిన వెనుక కొత్తగుట్ట మాట ఎత్తుడు.

పల్లెల తప్పును గూడ దాచవలసిన పని లేదు. గుడికి విరాళము, బడికి ప్రహరీగోడ, కులసంఘమునకు ఇంత సొమ్ము అని క్వారీవారు చూపగానే అభ్యంతరము లేదని తీర్మానము వ్రాసి సంతకములు చేసిన గ్రామములు లేకపోలేదు. పేలుడునకు గోడలు నెర్రెలిచ్చినపుడు, బోరు ఎండినపుడు, లారీలు బాటను గుంతలు చేసినపుడు కలెక్టరేటు ఎదుట ధర్నాకు కూర్చుండువారును వారే. తీర్మానమునాడు లేని పట్టుదల ధర్నానాడు వచ్చిన ప్రయోజనమేమి? ఆదిలాబాదువారిని చూడుడు. 2025 మే నెలలో వెలువడిన 49వ నంబరు ఉత్తరువు, కుమ్రంభీం పేరిట పులుల రక్షితప్రాంతము నేర్పరచదలచినది, ఆదివాసులు ఒక్కగొంతుతో కాదనగా జులైలో నిలిచిపోయెను. ఆ ఉత్తరువు మంచిచెడ్డలు వేరు ప్రస్తావన. ఊరు కదలిన ఉత్తరువు ఆగునను సంగతి మాత్రము రుజువైనది.

కావున మేము కోరునవి ఇవి. ఉమ్మడి కరీంనగర జిల్లాలోని ప్రతి గుట్టకు ఏ ఒర్రె, ఏ కుంట, ఏ చెరువు దిగువన నున్నదో రెవెన్యూ, నీటిపారుదల, గనుల శాఖలు కలిసి ఒకే పటము గీయించి గ్రామపంచాయతీ గోడపై అంటింపవలెను. ఆ పటమునకెక్కిన గుట్టను లీజుల జాబితానుండి శాశ్వతముగా తొలగింపవలెను. బొమ్మలగుట్ట చుట్టు పేలుడు గాని కోత గాని జరుగరాని మేరను పురావస్తుశాఖవారు హద్దురాళ్లు పాతి ప్రకటింపవలెను. గడువు తీరిన క్వారీల గోతులకు కంచె వేయించి, ఒర్రెలకు అడ్డుపడిన కుప్పలను తీయించు ఖర్చును లీజుదారునినుండియే రాబట్టవలెను. వాడు దొరకనిచో జిల్లా ఖనిజ సంస్థ నిధినుండి ఇయ్యవలెను. ఆ నిధి పుట్టినది గనులవలన దెబ్బతిన్న ఊళ్ల కొరకే గాని, క్వారీ ముఖమే చూడని ఊళ్లలో సిమెంటు బాటలు వేయుటకు గాదు.