అంగమర్దనము: వెట్టియా? విద్యయా?

దేహమును తాకి బాధను పోగొట్టు పనిని నీచమని తలచుట మన సంఘమున పాతుకొనిపోయిన దురభ్యాసములలో నొకటి. నాడి చూచు వైద్యునికి నమస్కరింతుము. నడుము పట్టి నొప్పి తీర్చువానిని వాకిటనే నిలువబెట్టుదుము. ఇరువురును తాకినది ఆ దేహమునే. ఒకరికి గౌరవము, వేరొకరికి చులకన యేల? ఈ ప్రశ్నను తప్పించుకొని సంస్కారమును గూర్చి యుపన్యసించువారి మాటలు మాకు రుచింపవు.

సూర్యాపేటలో మా యొద్ద చదువుకొన్న యువకుడొకడు అంగమర్దనమునే జీవనోపాధిగా గైకొనినాడు. హైదరాబాదు విజయవాడ రహదారిపై రేయింబవళ్ళు లారీలు నడుపువారును, మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బస్తాలు మోయు హమాలీలును వాని యొద్దకు వత్తురు. “ఇంత చదివి ఒళ్ళు పిసుకుటయా?” అని బంధువులు నిందించిరి. ఆ మాటయే మేమడుగగా వాడిట్లు చెప్పెను: “సారూ, చెయ్యి పైకి లేవని ముసలాయన నెల దినాలు నా దగ్గరికొచ్చినంక తన తల తానే దువ్వుకున్నడు. ఆ పొద్దు తినకముందే నా కడుపు నిండింది.” నెల తిరుగగానే జీతము లెక్కించుకొను మనలో నెందఱు తమ పనిని గూర్చి యిట్టి మాట పలుకగలరు?

ఇది విద్యావంతులకు తగని పని యని యాక్షేపించువారు ముందు మన గ్రంథములనే తెరచి చూతురు గాక. చరకుడు సూత్రస్థానమున దినచర్యను చెప్పుచు తైలాభ్యంగమును విధించినాడు. చమురు పెట్టిన బండియిరుసు వలె దేహము దృఢమై శ్రమ కోర్చునని యుపమానము చూపినాడు. వాగ్భటుడు తలకు, చెవులకు, పాదములకు విశేషముగా అభ్యంగము చేయవలెనన్నాడు. శూద్రకుని మృచ్ఛకటికమున సంవాహకుడను పాత్ర కలదు. పాటలీపుత్రమున గృహస్థుని కుమారుడై పుట్టి, మర్దనమును కళగా నేర్చి, పిదప దానినే జీవికగా జేసికొన్నవాడతడు. వానిని చెఱచినది జూదము గాని మర్దనము కాదు.

మఱి కొందఱు సంస్కారప్రియులే వేరొక యాక్షేపణ తెత్తురు: “ఇది వెట్టికాలపు గుర్తు; దీనిని తుడిచివేయుటయే మేలు” అని. వీరి బాధ మే మెఱుగనిది కాదు. నైజాము పాలనమున ఈ నల్లగొండ ప్రాంతమందు నాయీబ్రాహ్మణులు దొరల గడీలలో కూలి లేక పనిచేసి, రాత్రివేళ దొర నిద్రించువఱకు కాళ్ళు పిసుకవలసివచ్చెను. 1946లో లేచిన తెలంగాణ పోరాటమునకు ఆ వెట్టి యొక ముఖ్యకారణము. కాని యందు దోషమెక్కడ నున్నది? నొప్పి తీర్చు చేతిలోనా, ఆ చేతిని కట్టివేసిన బలవంతములోనా? కూలి నెగవేసినది మర్దనము కాదు, దొర. వెట్టిని ద్వేషించుచు విద్యనే ద్వేషించుట ఎలుకపై కోపమున ఇంటికి నిప్పు పెట్టుట వంటిది.

మూడవ యాక్షేపణ చాటున నవ్వుచు చెప్పుకొనునది. మర్దనశాలల పేరిట అసభ్యములు జరుగుచున్నవట! కొన్నిచోట్ల జరుగుచున్నవనియే యొప్పుకొందము. ఇంగ్లండులోను ఇట్టి యపవాదే చెలరేగెను. అప్పుడు 1894లో నలుగురు స్త్రీలు శిక్షితురాండ్రయిన మర్దనకారిణుల సంఘమును స్థాపించిరి, పరీక్షలు పెట్టిరి, వైద్యుని యాదేశము లేనిదే మర్దనము చేయరాదని నియమము చేసికొనిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించెను. నేటి బ్రిటిషు ఫిజియోథెరపీ సంఘము దాని సంతతియే. జపానులో అంధుడైన సుగియామా వాయిచి 17వ శతాబ్దమునందే అంధులకు సూదివైద్యము, మర్దనము నేర్పు పాఠశాలలు నెలకొల్పెను. అపవాదునకు మందు శిక్షణము, వెలివేత కాదు.

కావున మేము కోరునది దయ కాదు, వ్యవస్థ. మర్దనము చేయువాడు ఎముకల, కండరముల, నరముల తీరు నేర్వవలెను. ఎప్పుడు చేయవలెనో యెంత ముఖ్యమో, ఎప్పుడు చేయరాదో యంతకంటె ముఖ్యము. అజీర్ణమున అభ్యంగము వలదని వాగ్భటుడే హెచ్చరించెను. ఎముక విఱిగినచోట ఒత్తరాదు. ఒక కాలిపిక్క హఠాత్తుగా వాచి నొచ్చినచో అందు నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును. పిసికినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణము తీయగలదు. అట్టివానిని వెంటనే వైద్యుని యొద్దకు పంపవలెను. ఈ జ్ఞానము వినికిడిచేత వచ్చునది కాదు, బడి కావలెను. తెలంగాణ ప్రభుత్వము 2021లో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు నిచ్చెను, మంచిదే. దీపము వెలిగినది, పాఠము ఇంకను మిగిలియున్నది.

ఆ బడి తలుపు అన్ని కులములవారికిని తెఱచియుండవలెను. పుట్టుకచేత ఎవ్వరిని ఈ పనికి కట్టరాదు. పుట్టుకచేత ఎవ్వరిని దీనినుండి తొలగింపరాదు. ఇష్టపడి నేర్చి, కూలి నిర్ణయించుకొని, తన తృప్తికొఱకు చేయువాని పని వెట్టి యెట్లగును?

చదువరులారా, ఇది ప్రభుత్వముపై మాత్రమే త్రోసివేయదగిన భారము కాదు. మీ యింట పసిబిడ్డకు నూనె రాచి కాళ్ళపై పరుండబెట్టుకొని నీళ్ళు పోయు ముసలమ్మను తలచుకొనుడు. బాలింత నడుము పట్టి నిలువబెట్టినదామెయే. ఆమెకు మీరిచ్చునదేమి? పాతచీరయు, చేటెడు బియ్యమును గదా! వైద్యునికి అడిగినంత లెక్కించి యిచ్చి, ఆమెతో బేరమాడుట యే సంస్కారము? ఈసారి ఆమె వచ్చినప్పుడు కూర్చుండుటకు పీట వేయుడు, కూలి యెంతయో ముందుగా అడుగుడు, అడిగినది చేతికిచ్చుడు. ఈ చిన్నపని చేయలేనివారు సంఘసంస్కారమను పెద్దమాటను కొంతకాలము పక్కన పెట్టుట మేలు.