అన్ని రక్తహీనతలూ ఒకటి కాదు

“ఒంట్లో రక్తం తక్కువుందా? బీట్‌రూట్ తిను, ఐరన్ మాత్ర వేసుకో.” మన ఇళ్లలో అందరికీ ఇదే వైద్యం. నేనూ అలాగే చెప్పేదాన్ని. మా పిన్ని కూతురు ఏడాదిపాటు మాత్రలు మింగింది. హిమోగ్లోబిన్ మాత్రం కదల్లేదు. చివరికి తేలిందేంటంటే, దానికి ఐరన్ లోపమే లేదు, తలసీమియా మైనర్! లోపం సరుకులో కాదు, తయారీలో.

అప్పట్నుంచి ఈ తయారీ గురించి చదవడం మొదలుపెట్టాను. మన ఎముక మజ్జలో సెకనుకి సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి. ఒక్కోటి బతికేది 120 రోజులే మరి! ఒక కణం రెండవ్వాలంటే ముందు జన్యు సామగ్రి రెండు వాటాలవ్వాలి. తర్వాత కణం నడుము నొక్కుకుపోయి, మిగిలిన సన్నని వంతెన తెగాలి. ఆ వంతెన కట్టే ప్రొటీన్లలో ఒకటి కెఐఎఫ్23.

ఉత్తర స్వీడన్‌లో ఒక పెద్ద కుటుంబం ఉంది. వాళ్లలో కొందరికి తరతరాలుగా రక్తహీనత. మజ్జలో చూస్తే ఎర్రకణంగా ఎదగాల్సినవి పెద్దపెద్దగా, ఒక్కోదాంట్లో బోలెడు కేంద్రకాలు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నారు గానీ, మధ్యలో గోడ పెట్టుకోలేదన్నమాట! కెఐఎఫ్23 జన్యువులో ఒకే ఒక్క మార్పు దీనికి కారణమని 2013లో తేలింది. చాలా అరుదైన జబ్బిది. ఐరన్ మాత్రతో ఆ గోడ లేవదు.

తమాషా ఏంటంటే, పక్కనే ఇంకో కణం కావాలనే ఇలా చేస్తుంది. ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకార్యోసైట్ జన్యు సామగ్రిని రెట్టింపు మీద రెట్టింపు చేసుకుంటూ, తను మాత్రం విడిపోకుండా పెరుగుతుంది. అలా బాగా పెరిగి వేల ప్లేట్‌లెట్లను రాలుస్తుంది. ఒకరికి జబ్బు, ఇంకొకరికి బతుకుతెరువు!

ఐరన్ లోపం మన దగ్గర ఎక్కువే. డాక్టరు రాసిన మాత్రలు మానొద్దు, ముఖ్యంగా గర్భిణులు. కానీ నెల రోజులు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగలేదా? ఇంకో సీసా కొనకండి, “ఎందుకు పెరగలేదు?” అని డాక్టర్ని అడగండి.

మా చెల్లికి పోయిన నెల సంబంధం కుదిరింది. తనే అబ్బాయిని రక్తపరీక్ష చేయించుకోమంది. ఇద్దరికీ మైనర్ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పిన్ని కంగారుపడింది. అబ్బాయి మాత్రం నవ్వుతూ వెళ్లి చేయించుకొచ్చాడు. అతనికి లేదు. ముహూర్తం పెట్టేశారు!