డిగ్రీ దగ్గరే ఆపవద్దు

ఉపకార వేతనం దరఖాస్తు నింపించుకోవడానికి చిలకలూరిపేట వైపు నుంచి ఒక కౌలు రైతు కూతురిని వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. “చాచా, ఇది సైకాలజీ చదువుతానంటోంది. పిచ్చివాళ్ల చదువు చదివిన పిల్లకు సంబంధం ఎక్కడ తేవాలి? మీరైనా చెప్పండి” అన్నాడు. ఎందుకమ్మా ఆ చదువు అని అమ్మాయిని అడిగాము. “మా దాదీని పదేళ్లు దర్గాల చుట్టూ తిప్పారు. ఆమెకు ఏమైందో చివరిదాకా ఎవరూ చెప్పలేదు. నాకు అది తెలుసుకోవాలని ఉంది” అన్నది.

ఆ మాట విన్న తరువాత తండ్రి పక్షాన మాట్లాడడం మా వల్ల కాలేదు.

మన గుంటూరు, ప్రకాశం మైదానానికి ఈ చదువు కొత్త అవసరమేమీ కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పంట నష్టానికి, బాకీలకు లెక్కలు కట్టారు. మిగిలిన భార్యాబిడ్డల మనసు ఏమైందని అడిగినవారు అరుదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలోని పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు. మన కౌలు రైతుల సంగతి, మిరప కోతలకు పోయే కూలీల సంగతి, శీతల గిడ్డంగుల దగ్గర తొడిమలు తీసే స్త్రీల సంగతి అందులోకి ఎక్కలేదు.

అందుకే సైకాలజీ డిగ్రీలో నేర్పే పరిశోధన పద్ధతులను, గణాంక శాస్త్రాన్ని పిల్లలు చిన్నచూపు చూడరాదు. “రోగులతో మాట్లాడాలని వచ్చాము, ఈ లెక్కలెందుకు?” అని విద్యార్థులు విసుక్కోవడం మేము విన్నాము. కాని ప్రశ్న సరిగా అడగడం తెలియనివారికి జవాబు సరిగా అర్థం కాదు. మన స్త్రీలు “నాకు డిప్రెషన్ వచ్చింది” అనరు. “గుండెల్లో మంట”, “ఒళ్లంతా లాగుడు”, “దిల్ ఘబరా రహా” అంటారు. పరభాషలో తయారైన ప్రశ్నావళిని మాటకు మాట అనువదిస్తే ఈ బాధ దానికి దొరకదు. తెలుగూ, ఇంట్లో మాట్లాడే తురకమాటా రెండూ తెలిసిన పిల్లలు పరిశోధన నేర్చుకుంటేనే మన బాధకు సరైన కొలత దొరుకుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. డిగ్రీ పూర్తి చేసినంత మాత్రాన చికిత్స చేసే అర్హత రాదు. మందులు రాసే సైకియాట్రిస్ట్ ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్ట్ దారి వేరు. ఇంతకాలంగా డిగ్రీ, ఆపై పి.జి., ఆ తరువాత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో రోగుల మధ్య రెండేళ్ల ఎం.ఫిల్. శిక్షణ చేసి, ఆ మండలిలో పేరు నమోదు చేయించుకోవడం అందరూ నడిచిన మార్గం. నమోదు లేకుండా ఆ వృత్తి చేయడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం. ఇప్పుడు కోర్సుల పేర్లు, నిబంధనలు మారుతున్నాయి కనుక చేరే ముందు మండలి ప్రకటనలు చూసుకోవాలి. కొద్ది వారాల సర్టిఫికెట్‌తో బోర్డు కట్టుకోవడం వృత్తి కాదు, అమానత్‌లో ఖియానత్.

దీన్‌కూ ఈ చదువుకూ విరోధం ఉందనే భయం కూడా తీరాలి. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మనసు ఆరోగ్యం రెండింటినీ కలిపి ఒకే గ్రంథం రాశారు. ఆ వారసత్వం మరచిన ఫలితం 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో కనిపించింది. అక్కడి దర్గాకు స్వస్థత కోరి తీసుకువచ్చిన రోగులను ప్రైవేటు ఆశ్రమాలలో గొలుసులతో కట్టి ఉంచేవారు. అలాంటి ఒక ఆశ్రమానికి నిప్పంటుకుని 28 మంది మరణించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, చికిత్స పొందడం హక్కు అన్నది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో దువాతోపాటు దవా కూడా అందే ఏర్పాటు చేశారు. మన దర్గా కమిటీలు ఆలోచించవలసిన మార్గం అది. ఈలోగా ఏ ఇంట్లోనైనా కష్టం వస్తే 14416 టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ప్రతి మసీదు నోటీసు బోర్డు మీద ఉండాలి.

అయితే చట్టం ఇచ్చిన హక్కు ఆచరణలోకి రావాలంటే శిక్షణ పొందిన మనుషులు కావాలి. మన పిల్లలు ఆగిపోయేది డిగ్రీ తరువాతే. ఆ దశలోనే ఖర్చు పెరుగుతుంది, పెళ్లి తొందర మొదలవుతుంది. ఎం.ఫిల్., పీహెచ్.డీ. చేసే మైనారిటీ విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. దానిని పునరుద్ధరించమని అడగడం మన హక్కు. అడుగుతూనే మన చేతిలో ఉన్నది మనమూ చేయాలి. మన సంఘాలు ఏటా పదిమందికి పుస్తకాలు పంచి ఫొటోలు దిగుతున్నాయి. ఆ పనికి తోడు, జిల్లాకు ఒక్క విద్యార్థినినైనా ఎంచుకుని, పి.జి. మొదలుకొని నమోదు దాకా పూర్తి ఖర్చు భరించాలి. ఆ సొమ్ములో జకాత్ ఎంతవరకు వాడవచ్చునో ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఆ రైతు చివరకు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. “డిగ్రీ వరకు నేను చూసుకుంటాను చాచా, ఆ తరువాత?” అని అడిగి వెళ్లాడు. మరి కొన్నేళ్లకు ఆయన మళ్లీ వస్తాడు. అప్పటికి మన దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి.