సౌర తుఫాను వస్తే భూకంపం వస్తుందా..? లెక్కలు ఏం చెబుతున్నాయి.. పత్తికొండ మట్టిమిద్దెలకు అసలు ముప్పు ఎక్కడుంది..?

సూర్యుడిపై పేలుడు జరిగిందన్న వార్త వస్తే చాలు.. ఫోన్లలో ఒక రకం వీడియోలు మొదలవుతాయి. ఎర్రటి సూర్యుడి బొమ్మ, భయపెట్టే మ్యూజిక్, "మరో రెండు రోజుల్లో భారీ భూకంపం" అన్న హెచ్చరిక. 2024 డిసెంబర్ 4న ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, విజయవాడలోనూ ఆ కదలిక తెలిసింది. అలాంటప్పుడు భూకంపం అన్న మాట వినగానే ఎవరికైనా గుండె దడ సహజమే. ములుగుకు 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పత్తికొండ వాసులు ఈ వీడియోలను నమ్మాలా?

అసలు ఈ తుఫాను ఏంటి?

సూర్యుడి నుంచి ఎగసిపడే విద్యుదావేశ కణాల మేఘం సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో భూమిని చేరుతుంది. అది భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే భూఅయస్కాంత తుఫాను అంటారు. దీని దెబ్బ శాటిలైట్లు, జీపీఎస్, కరెంటు లైన్ల మీద పడుతుంది. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో దాదాపు 60 లక్షల మందికి గంటల తరబడి కరెంటు పోవడానికి కారణం ఇదే. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్ఐ ఇటు భూకంపాలను, అటు అయస్కాంత క్షేత్రం మార్పులను కూడా నమోదు చేస్తుంది.

భూకంపం కథ వేరు. నేల లోపల పలకల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఒత్తిడి, పగులు వెంట ఒక్కసారిగా జారి విడుదలవుతుంది. ములుగులో ఆ కదలిక దాదాపు 40 కిలోమీటర్ల లోతులో పుట్టింది.

2024లో ఏం జరిగింది?

2024 మే 10, 11 తేదీల్లో భూమిని తాకిన జీ5 తుఫాను 2003 తర్వాత అత్యంత బలమైనది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా మెరిసింది. మన ఆదిత్య-ఎల్1 కూడా ఆ సంఘటనను నమోదు చేసింది. వీడియోల లెక్క ప్రకారం ఆ వెంటనే ప్రపంచం కంపించిపోవాలి. కానీ ఆ మే నెల మొత్తంలో 7 తీవ్రత దాటిన భూకంపం ప్రపంచంలో ఒక్కటీ రాలేదు. అక్టోబర్ 10న మరో పెద్ద తుఫాను వచ్చింది. ఆ నెలలోనూ అంతే!

ఒక్క ఏడాదితో తేల్చేయలేం, నిజమే. అందుకే అమెరికా జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త జెఫ్రీ లవ్, జెరెమీ థామస్ దశాబ్దాల రికార్డులను తీసి, సూర్యుడి మచ్చలు, సౌరగాలి, అయస్కాంత తుఫాన్లతో పెద్ద భూకంపాలను పోల్చారు. చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదని 2013లో ప్రకటించారు.

మరి ఉందన్నవాళ్ల సంగతి?

వాళ్లూ ఉన్నారు. 2020లో సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల బృందం సోహో శాటిలైట్ 20 ఏళ్ల డేటాను పరిశీలించింది. సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్ల సాంద్రత పెరిగిన మర్నాడు 5.6 తీవ్రత దాటిన భూకంపాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పింది. విద్యుత్ ప్రభావంతో పలుగురాయిలోని క్వార్ట్జ్ స్వల్పంగా సాగి ముడుచుకోవడం కారణం కావొచ్చన్నది వాళ్ల ఊహ. ఇది ఇంకా రుజువు కాలేదు. ఒకవేళ నిజమైనా, ఏ ఊళ్లో ఎప్పుడు భూకంపం వస్తుందో దీంతో చెప్పలేం.

ఇక్కడే వీడియోల కిటుకు ఉంది. ప్రపంచంలో 5 తీవ్రత దాటే భూకంపాలు ఏడాదికి వెయ్యికి పైనే వస్తాయి. అంటే రోజుకు మూడు, నాలుగు. ఏ తుఫాను తర్వాత చూసినా ఎక్కడో ఒకచోట భూకంపం దొరుకుతుంది. "మేం ముందే చెప్పాం" అనడం చాలా తేలిక!

పత్తికొండ మరవకూడనిది లాతూరు

2016 నాటి భూకంప మ్యాప్‌లో కర్నూలు జోన్-2లో, అంటే తక్కువ ముప్పు ప్రాంతంలో ఉంది. అలాగని నిశ్చింతగా ఉండొచ్చా? పత్తికొండకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని కిల్లారి కూడా అప్పట్లో అన్నిటికంటే సురక్షితమైన జోన్-1లోనే ఉండేది. 1993 సెప్టెంబర్ 30న తెల్లవారుజామున 6.2 తీవ్రతతో భూమి కంపించి, లాతూరు, ఉస్మానాబాద్ జిల్లాల్లో దాదాపు 10 వేల మంది చనిపోయారు. అక్కడ ప్రాణాలు తీసింది మట్టితో కట్టిన మందపాటి రాతిగోడలు, వాటి మీద టన్నుల బరువున్న మట్టికప్పు. ఆ తర్వాతే, 2002లో, జోన్-1ను తీసేసి జోన్-2లో కలిపారు.

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లోని పాత మట్టిమిద్దెలు కూడా దాదాపు ఇదే తరహా. రాతిగోడలు, కొయ్య దూలాలు, పైన చౌడుమట్టి. వాన కురవకుండా చౌడు మీద చౌడు వేసుకుంటూ పోతే మిద్దె బరువు ఏటా పెరుగుతుంది. గట్టి వానలకే మిద్దెలు కూలిన వార్తలు ఈ జిల్లాకు కొత్త కాదు.

లాతూరు తర్వాత ఇంజినీర్లు చెప్పిన పరిష్కారాలు పెద్ద ఖర్చుతో కూడినవేం కావు. మిద్దె మీద అదనపు మట్టిని తగ్గించాలి. గోడ మందం మొత్తానికి అడ్డంగా పొడవు రాళ్లు కూర్చాలి. కిటికీలు, తలుపుల పైభాగంలో ఇంటి చుట్టూ కాంక్రీట్ పట్టీ వేయాలి. ఉబ్బిన గోడ, పగిలిన మూల కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

సౌర తుఫాను ఎప్పుడొస్తుందో ఇస్రో, నాసా ముందే కొంతవరకు చెప్పగలవు. భూకంపం తేదీని ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఈసారి ఆ వీడియో వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి మిద్దెక్కి, దూలాల మీద ఎంత మట్టి ఉందో చూసుకోవడం మేలు.